ఎముక అతుక్కోవడానికి లేజర్ సాయమెంత?



పొద్దున టిఫిన్ల దగ్గర మన లెక్కల మాస్టారు నన్ను పక్కకు పిలిచి, "ఒరేయ్, ఇంప్లాంట్ పెట్టించుకుంటే నెలల తరబడి ఆగాలటగా! లేజర్ పెడితే తొందరగా అతుక్కుంటుందంటున్నారు, నిజమేనా?" అని అడిగారు. అక్కడ సగమే చెప్పాను. మిగతాది ఇక్కడ చెబుతాను.

ఇంప్లాంట్ అంటే దవడ ఎముకలో బిగించే చిన్న టైటానియం స్క్రూ. దాని మీద పన్ను తర్వాత కడతాం. 1950లలో స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే పరిశోధకుడు రక్తప్రసరణ చూడడానికి కుందేలు ఎముకలో టైటానియం పరికరం అమర్చారు. పనయ్యాక తీయబోతే రాలేదు. ఎముక దాన్ని తనలో కలిపేసుకుంది! 1965లో మొదటి రోగికి దవడలో ఇంప్లాంట్లు పెట్టారు. అతుకు గట్టిపడాలని కింది దవడకు 3 నెలలు, పై దవడకు 6 నెలలు ఆగడం అప్పట్లో ఆనవాయితీ. పై దవడ ఎముక కాస్త గుల్లగా ఉంటుంది మరి. స్క్రూలను గరుకుగా తయారుచేయడం వచ్చాక ఆ గడువు కొంత తగ్గింది.

లేజర్ కథ బుడాపెస్ట్‌లో మొదలైంది. లేజర్‌తో క్యాన్సర్ వస్తుందేమో చూద్దామని 1967లో ఎండ్రె మెస్టర్ అనే డాక్టరు, బొచ్చు గొరిగిన ఎలుకల మీద ప్రయోగించారు. క్యాన్సర్ రాలేదు సరికదా, బొచ్చు తొందరగా మొలిచింది. మేం వాడేదీ అలాంటి తక్కువ శక్తి లేజరే. బడి వెనక భూతద్దంతో కాగితాలు కాల్చాం, గుర్తుందా? ఇది అలా కాల్చదు. ఆ కాంతిని కణాల్లోని మైటోకాండ్రియా పీల్చుకుని ఎక్కువ శక్తి తయారుచేస్తుందని, దాంతో ఎముకను కట్టే కణాలు చురుగ్గా పనిచేస్తాయని శాస్త్రజ్ఞుల వివరణ.

జంతువుల మీద ఫలితాలు చాలావరకు బాగున్నాయి. మనుషుల మీద జరిగినవి చిన్న చిన్న పరీక్షలు. కొన్నింట్లో లాభం కనిపించింది, కొన్నింట్లో తేడా లేదు. ఎంత మోతాదు, ఎన్నిసార్లు అన్నది ఇంకా తేలలేదు. మోతాదు మించితే ఉన్న లాభమూ పోవచ్చు.

ఒక తప్పు ఒప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం ఒక పెద్దాయనకు ఇంప్లాంట్ వేసి, లేజర్ ఉందిగదా అన్న ధీమాతో, చుట్ట మానమని గట్టిగా చెప్పలేదు. నాలుగో నెలలో స్క్రూ వేలికి కదిలింది. డబ్బు తిరిగిచ్చాను. "పోనీలే బాబూ" అన్నాడాయన. ఆ మాట తిట్టుకన్నా ఎక్కువ తగిలింది.

మాస్టారూ, మీ షుగరు సంగతి నాకు తెలుసు, ఇందాక మీరు తీసుకున్న రెండో జిలేబీ కూడా చూశాను. ముందు మూడు నెలల సగటు షుగరు పరీక్ష చేయించుకు రండి. తర్వాత ఎక్స్‌రేలో ఎముక చూద్దాం. లేజర్ కావాలంటే పెడతాను, దానికి రూపాయి తీసుకోను. గడువులో మాత్రం ఒక్క వారం కూడా తగ్గించను.