మనిషికో పట్టీ రాద్దాం

(పల్లెల్లో పగటి ఆసరా కేంద్రాలు నడిపే కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ముసలోళ్ళ గురించి మాట్లాడమన్నారు. మేము బడి దగ్గర్నుంచి మొదలుపెడతాం. ఎనిమిదో తరగతి హాజరుపట్టీ పిలుస్తుంటే ఒక ఆడపిల్ల వరసగా పదిరోజులు పలకలేదు. ఇంటికెళ్ళి చూస్తే నాయనమ్మ మంచం పక్కన కూర్చునుంది. అమ్మానాయనా మిరపకోతకి పోయారు. వాళ్ళు పోకపోతే పొయ్యి వెలగదు. పిల్ల బడికొస్తే ముసలామెకి మంచినీళ్ళిచ్చే దిక్కులేదు. కూలి మీద బతికే కులాల్లో ముసలితనం అంటే ఇదే. ఇంట్లో ఒకరి కూలన్నా పోవాలి, ఒకరి చదువన్నా పోవాలి.

అందుకే మా పల్లె కమ్యూనిటీ హాల్లో పగటి కేంద్రం పెట్టాం. పొద్దున తొమ్మిదికి తీసుకురావటం, సాయంత్రం అయిదుకి ఇంటికి చేర్చటం. పిల్ల మళ్ళీ బడికొచ్చింది. పని అయిపోయిందనుకున్నాం. అక్కడే పొరపాటు చేశాం.

మొదటి ఆర్నెల్లూ అందర్నీ ఒకే గాటన కట్టేశాం. అందరికీ ఒకే అన్నం, ఒకే చాప, ఒకే టీవీ. పళ్ళులేని తాతకి గట్టి అన్నం. మోకాళ్ళు వంగని అవ్వకి కింద చాప. షుగరున్న ఒక అవ్వ పొద్దున్నే మాత్ర మింగి, ఒంటిగంటకి మన అన్నం వచ్చేదాకా పస్తుండి, ఒళ్ళంతా చెమటలు పోసి వణికిపోయింది. బెల్లం నీళ్ళు తాగిస్తే తేరుకుంది. అది ఆమె ఖర్మ కాదు, మా తప్పు. ఊరు మనల్ని ఎట్లా చూసింది? పల్లె మొత్తానికీ ఒకటే పేరుపెట్టి పిలిచింది. మనిషి మనిషికీ తేడా చూడలేదు. మనం మన ముసలోళ్ళని అట్లాగే చూస్తే ఇక మన ఉద్యమానికి అర్థం ఏముంది?

అప్పుడు మనిషికో పట్టీ రాద్దామనుకున్నాం. ఎవరికి ఏం కావాలో, ఎవరు చెయ్యాలో, ఎప్పుడు చెయ్యాలో రాసుకునే కాగితం. రాసేసి, వేలిముద్ర కోసం ఒక అవ్వ దగ్గరికి పోయాం. ఆమె చెయ్యి కొంగులో దాచేసుకుంది. "ఈ వేలుతోనే గదయ్యా మా అరెకరం పోయింది" అన్నది. ఎప్పుడో కామందు దగ్గర అప్పుకని వేసిన ముద్ర. మేము కూడా ఏం రాశామో చదివి వినిపించకుండానే వేలు అడిగాం. కామందుకీ మాకూ తేడా ఏముంది చెప్పండి?

ఆ రోజు నేర్చుకున్నాం. ముందు అడగాలి. విని రాయాలి. రాసింది గట్టిగా చదివి వినిపించాలి. కాదంటే కొట్టెయ్యాలి. అవునంటేనే వేలిముద్ర. ఒక నకలు వాళ్ళింట్లో ఉండాలి.

ఏం అడగాలి? మొదట పేరు. ఊళ్ళో జన్మంతా "ఏమే, ఒసే" అనిపించుకున్న మనిషి. ఏమని పిలిస్తే ఇష్టమో ఆమే చెప్పాలి. రెండోది, తనంతట తాను ఏం చేసుకోగలదు? లేవటం, నడవటం, తినటం, దొడ్డికి పోవటం. చేసుకోగలిగిన పనిని మనం చేసిపెట్టి ఆమెని మంచాన పడెయ్యకూడదు. మూడోది, జబ్బులూ మాత్రలూ. ఏ మాత్ర ఏ వేళకి, అన్నానికి ముందా తర్వాతా, ఎవరు గుర్తుచేస్తారు? చూపెట్లా ఉంది, చెవి వినబడుతుందా? నాలుగోది, ఏ పని చేసి బతికారు, దేనికి భయం, ఏది ఇష్టం? ఈ నాలుగోది మేము మొదట వదిలేశాం. అన్నిటికన్నా అదే ముఖ్యమని తర్వాత తెలిసింది.

చిన్నప్పట్నుంచీ పాలేరుతనం చేసిన తాత ఉన్నాడు. మతిమరుపు జబ్బు. సాయంత్రం నాలుగైతే లేచి రోడ్డెక్కేవాడు. గొళ్ళెం పెడితే తలుపులు బాదేవాడు. కూతుర్ని అడిగితే చెప్పింది, అది గొడ్లు తోలుకొచ్చే వేళ. పట్టీలో రాశాం: నాలుగింటికి ఒకరు తాతతో చెరువుగట్టు దాకా నడిచి రావాలి, వచ్చాక చేతికి పలుపుతాడు ఇవ్వాలి. ఇప్పుడు తాడు పేనుకుంటూ కూర్చుంటాడు. గొళ్ళెం తీసేశాం. డాక్టరుకి చూపించే తేదీ కూడా ఆ పట్టీలోనే ఉంది.

ఇంకొకామె కుర్చీ వేస్తే కూర్చోదు. గడప పక్కన కింద కూర్చుంటుంది. యాభై ఏళ్ళు పనిచేసిన ఇంట్లో ఆమెని గడప దాటనివ్వలేదు. పట్టీలో రాశాం: కుర్చీ రోజూ వెయ్యాలి. బలవంతం చెయ్యకూడదు. ఆమె కింద కూర్చుంటే మనమూ కిందే కూర్చోవాలి. ఇప్పటికింకా కుర్చీ ఎక్కలేదు. రోజూ వేస్తూనే ఉన్నాం.

"బాగా చూసుకోవాలి" అని రాస్తే అది పట్టీ కాదు. పక్షవాతం వచ్చిన నలభై ఏళ్ళ కూలి అక్క, క్రిస్మస్‌కి చర్చికి తన కాళ్ళతో నడిచిపోవాలన్నది. అయితే రోజూ రెండుపూటలా ఎన్ని అడుగులు, పక్కన ఎవరు నడుస్తారు? అది రాయాలి. మూడు నెలలకోసారి పట్టీ తిరగరాయాలి. పడినా, ఆస్పత్రికి పోయొచ్చినా, ఇంట్లో చావు జరిగినా వెంటనే రాయాలి. పట్టీలో ఉన్న మాట టీకొట్టు దగ్గర మాట్లాడకూడదు. కొడుకు కొడుతున్నాడని చెబితే దాచొద్దు. ఆమెతో మాట్లాడి, ఆమె సరేనంటే 14567కి ఫోన్ చెయ్యండి. అది వృద్ధుల హెల్ప్‌లైన్. 2007 చట్టం కింద ఆర్డీవో స్థాయి ట్రిబ్యునల్ కూడా ఉంది.

ఆ చట్టమే జిల్లాకి కనీసం ఒకటి, 150 మందికి చాలే వృద్ధాశ్రమం గురించి చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వృద్ధుల పింఛను నెలకి 4000 అయింది. మంచిదే. కానీ పింఛను మంచం మీంచి లేపి కూర్చోబెట్టదు. జిల్లాలో ఉన్న ఆశ్రమం పల్లెలో ఉన్న అవ్వకి అందదు. మనకి కావలసింది పల్లెలో గది, పట్టుకుని లేవటానికి గోడకి కమ్మీ, చూసుకునే మనిషికి కూలి. ఇన్నాళ్ళూ ఈ చాకిరీ మన ఆడోళ్ళు ఉత్తినే చేశారు. ఇది సేవ కాదు, పని. పనికి కూలి అడుగుదాం. "మీవాళ్ళకి ఏం కావాలి?" అని అధికారి అడిగితే మన పట్టీలన్నీ ఆయన బల్ల మీద పెట్టొద్దు. అవి అవ్వలవి. పేర్లు తీసేసి లెక్క పెడదాం. ఇన్ని కమ్మీలు, ఇన్ని కళ్ళజోళ్ళు, ఇందరికి మెత్తటి అన్నం అని.

1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ హెచ్చరించారు. ఓటులో అందరి విలువా ఒకటే అవుతుంది, బతుకులో మాత్రం ఎక్కువ తక్కువలు ఉండిపోతాయని. ఓట్లనాడు మన అవ్వని ఆటో ఎక్కించి తీసుకుపోతారు. మర్నాడు ఆమె మాత్ర ఎవరికీ గుర్తుండదు. ఆ మాత్ర గుర్తుపెట్టుకునే పని మనది.

ఇవ్వాళ ఇంటికెళ్ళి ఒక్క పట్టీ మొదలుపెట్టండి. పైన పేరు రాయండి. పేరు ఆమె నోటితోనే చెప్పించండి.

జై భీం.