మన ముఖం మీద హక్కు ఎవరిది?

(అంతర్జాతీయ మహిళా దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

పొద్దుట్నించీ ఆస్తి హక్కు గురించీ, పనిచేసే చోట వేధింపుల గురించీ మాట్లాడుకున్నాం. ఇప్పుడు నేను లేచి కంటిరెప్పల గురించి మాట్లాడతానంటే మీకు నవ్వు రావచ్చు. నాకూ మొదట సిగ్గుగానే ఉంది. కానీ ఇది ఏడాదిపాటు ఎవరికీ చెప్పుకోకుండా నాలో నేను నలిగిన విషయం. ఆడవాళ్లు బయటికి చెప్పుకోలేని ప్రతి బాధ వెనకా ఏదో ఒక అధికారం ఉంటుందని ఇన్నాళ్లుగా మనమే చెబుతున్నాం. అందుకే చెబుతున్నాను.

1996 నవంబరులో బెంగుళూరులో మిస్ వరల్డ్ పోటీలు జరిగినప్పుడు అనేక మహిళా సంఘాలు నిరసన తెలిపాయి. మా విజయవాడలో మేం పదిహేను మందిమి అట్టల మీద నినాదాలు రాసుకుని రోడ్డు పక్కన నిలబడ్డాం. నా చేతిలో అట్ట మీద 'స్త్రీ శరీరం సరుకు కాదు' అని ఉంది. అప్పుడు నాకు 28 ఏళ్లు. ముడతలు చీరకి పడతాయని తప్ప ముఖానికి పడతాయని తోచని వయసు. అవే పోటీలు 2025 మే నెలలో హైదరాబాదుకి వచ్చాయి. అదే నెలలో నేను ఒక కాస్మెటిక్ సర్జరీ క్లినిక్‌లో, నా పేరు ఎప్పుడు పిలుస్తారా అని ఎదురుచూస్తూ కూర్చున్నాను.

అక్కడిదాకా ఎలా వెళ్లానో చెప్పాలి. నేను ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో 22 ఏళ్లుగా బోటనీ చెబుతున్నాను. మాకు ఏటా వేసవిలో కాంట్రాక్టు రాస్తారు. కిందటేడు అడ్మిషన్ల కరపత్రంలో నా ఫొటో తీసేశారు. అడిగితే, "మేడమ్, మీరు అలిసిపోయినట్టు కనిపిస్తున్నారు. పిల్లల్ని చేర్పించడానికి వచ్చే తల్లిదండ్రులు ఇవన్నీ చూస్తారు" అన్నారు. నాతోపాటు చేరిన ఫిజిక్స్ మాస్టారి జుట్టు మొత్తం తెల్లబడింది. ఆయన ఫొటో మొదటి పేజీలోనే ఉంది, కింద 'అపార అనుభవం' అని రాసి. ఒకే వయసు ఆయనకి అనుభవమైంది, నాకు అలసట అయింది.

ఆ రాత్రి అద్దం ముందు చాలాసేపు కూర్చున్నాను. రెప్పలు నిజంగానే జారాయి. గడ్డం కింద చర్మం వదులైంది. ఇంకో మూడేళ్లు ఉద్యోగం ఉంటే చిన్నమ్మాయి చదువు పూర్తవుతుంది. అలా వెళ్లాను క్లినిక్‌కి.

అక్కడ నన్ను మొదట కూర్చోబెట్టింది డాక్టరు కాదు, కంప్యూటరు ముందున్న ఒక కుర్రాడు. నా ఫొటో తీసి, పక్కనే ముడతలు లేని నన్ను చూపించాడు. ముఖం బిగించడం, రెప్పలు, గడ్డం అన్నీ కలిపి ఒక ప్యాకేజీ అన్నాడు. నా ఆరు నెలల జీతం. వాయిదాల్లో కట్టొచ్చు. డాక్టరు అయిదు నిమిషాలు చూశారు. ముఖం బిగించే ఆపరేషన్‌లో చర్మం కింద రక్తం గడ్డకట్టవచ్చనీ, ముఖాన్ని కదిలించే నరం దెబ్బతినే ప్రమాదం కొద్దిగా ఉందనీ, ఆపరేషన్ తర్వాత కూడా వయసు ఆగదనీ ఎవరూ చెప్పలేదు. బొటాక్స్ ఇంజెక్షన్ పనిచేసేది మూడు, నాలుగు నెలలే అని కూడా నేను తర్వాత తెలుసుకున్నదే.

ఆఖరున ఒక కాగితం ఇచ్చారు. అందులో 'భర్త లేదా కుమారుని సంతకం' అని ఒక గడి ఉంది. నాకు 57 ఏళ్లు. నా కంటిరెప్పకి నా కొడుకు సంరక్షకుడా? ఆ గడి దగ్గర నా కలం ఆగిపోయింది. ఇంటికి వచ్చేశాను.

మిత్రులారా, ఆ గడి గురించి మనకి తెలిసి ఉండాలి. 2008లో సుప్రీంకోర్టు ఒక కేసులో స్పష్టంగా చెప్పింది. పరీక్ష కోసం వచ్చిన ఒక మహిళకి, ఆమె మత్తులో ఉండగా, తల్లి సంతకం తీసుకుని గర్భసంచి తొలగించిన కేసు అది. వయసు వచ్చిన, తెలివిలో ఉండగల మనిషి విషయంలో ఆమె సమ్మతే సమ్మతి, ఇంకొకరి సంతకం దానికి బదులు కాదన్నారు. ఒక పనికి ఇచ్చిన సమ్మతి ఇంకో పనికి చెల్లదన్నారు, ప్రాణాపాయం ఉంటే తప్ప. లాభనష్టాలూ, వేరే మార్గాలూ, చేయించుకోకపోతే ఏమవుతుందో కూడా ముందే చెప్పాలన్నారు. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లోనే సుప్రీంకోర్టు తేల్చింది. అందం కోసం చేసే ఆపరేషన్‌కీ ఈ హక్కులన్నీ వర్తిస్తాయి. అందానికి వెళ్లాం గదా అని నోరు మూసుకోనక్కర్లేదు.

ఇక మన మనుషుల సంగతి. మా అక్కకి చెబితే, "ముసలితనానికి దసరా పండగ అన్నట్టుంది నీ వరస" అంది. ఉద్యమంలో నాతో కలిసి నడిచిన స్నేహితురాలు, "నువ్వు కూడానా?" అంది. ఆ రెండు మాటలూ రెండు వైపుల నుంచి వచ్చాయి గానీ నాకు తగిలింది ఒకే చోట. ముసలిదానిలా ఉన్నావని పక్కన పెట్టేవాళ్లు ఒకరు, అలా కనిపించకూడదనుకుంటే నవ్వేవాళ్లు ఒకరు. ఏ వయసుకి ఆ ముచ్చట అంటారు. యాభై దాటిన ఆడదానికి ఏ ముచ్చట మిగిల్చారో ఎవరూ చెప్పరు.

కళ్లజోడు మార్చుకోవడానికి ప్రభుత్వ కంటి ఆసుపత్రికి వెళ్లినప్పుడు కథ మలుపు తిరిగింది. అక్కడి డాక్టరమ్మ రెప్పలు చూసి, చూపు ఎంత మేర అందుతోందో కొలిచే పరీక్ష చేయించింది. ఒకసారి రెప్పలు మామూలుగా ఉంచి, ఒకసారి టేపుతో పైకి అంటించి. టేపు అంటించినప్పుడు పై చూపు బాగా పెరిగింది. నల్లబల్ల పైభాగం చూడటానికి నేను మెడ పైకెత్తుతున్నానని నాకే తెలియదు. సాయంత్రానికి వచ్చే తలనొప్పికి అదీ ఒక కారణం కావచ్చన్నారు.

ఆమె ఇరవై నిమిషాలు తెలుగులో వివరించింది. మత్తు ఆ భాగానికే ఇస్తారు. వారం రోజుల్లో కుట్లు తీస్తారు. కన్ను పొడిబారవచ్చు, రెప్ప పూర్తిగా మూతపడకపోవచ్చు, రెండు కళ్లూ సమానంగా రాకపోవచ్చు. బహు అరుదుగా కంటి వెనక రక్తస్రావమై చూపే పోవచ్చు. ఆలోచించుకుని రమ్మంది. బీపీ, షుగరు, వాడుతున్న మాత్రలు అన్నీ రాసుకుంది. సంతకం నాదొక్కదే అడిగింది.

ఆపరేషన్ చేయించుకున్నాను. రెప్పలకే. ప్యాకేజీ మానేశాను.

ఇక్కడితో ఆపితే నాకు మంచి పేరు వస్తుంది, చూపు కోసం చేయించుకుంది పాపం అని. కానీ నిజం చెప్పాలి. వాపు తగ్గాక అద్దంలో చూసుకుంటే సంతోషం వేసింది. చూపు వచ్చినందుకు మాత్రమే కాదు. ఆ సంతోషానికి నేను ఎవరికీ సంజాయిషీ ఇవ్వను. అలాగే ముఖం బిగించుకున్న ఏ స్త్రీనీ ఇకమీదట చిన్నచూపు చూడను.

అయితే 'నా శరీరం నా ఇష్టం' అని అక్కడితో వదిలేయలేను. ఆ ఇష్టం నా దగ్గరికి ఏ దారిన వచ్చిందో కూడా చూడాలి. కరపత్రంలోంచి నా ఫొటో తీసేయకపోతే నేను క్లినిక్ మెట్లెక్కేదాన్నా? ఎక్కేదాన్ని కాదు. ఉద్యోగం పోతుందన్న భయం సంతకం పెట్టిస్తే అది సగం సమ్మతే.

అందుకని అక్కచెల్లెళ్లకి నేను చెప్పేది ఇంతే. చేయించుకోవాలనిపిస్తే మూడు ప్రశ్నలు వేసుకోండి. ఎవరూ చూడని ఊళ్లో ఉన్నా ఇది చేయించుకుంటానా? చేసేవారికి ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సిహెచ్. లాంటి తగిన శిక్షణ ఉందా, ఏదైనా అయితే ఆదుకునే ఏర్పాటు ఉందా? అనుకున్నట్టు రాకపోతే ఆ ముఖంతోనూ, ఆ అప్పుతోనూ బతకగలనా? ఆరోగ్య బీమా మీద ఆశ పెట్టుకోకండి. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ లాంటి వాటివల్ల గానీ, వైద్యపరంగా అవసరమై గానీ చేసేవాటికి తప్ప అందం కోసం చేసేవాటికి పాలసీలు డబ్బివ్వవు. కనీసం ఇంకొక డాక్టరు మాట వినండి. అన్నీ కాగితం మీద రాయించుకోండి. వద్దనిపిస్తే బల్ల మీద నుంచైనా లేచి వచ్చేయండి.

ఇంకొక పని కూడా చేశాను. మా కాలేజీలో యాభై దాటిన మరో నలుగురు లెక్చరర్లతో కలిసి యాజమాన్యానికి ఉత్తరం రాశాను. కాంట్రాక్టు ఏ ప్రాతిపదికన రాస్తారో, ఎవరి ఫొటో ఎందుకు తీస్తారో రాతపూర్వకంగా చెప్పమని అడిగాం. జవాబు ఇంకా రాలేదు. వేసవి దగ్గర పడుతోంది. నా రెప్పలు సరిచేయడానికి డాక్టరమ్మ ఉంది. వాళ్ల చూపు సరిచేయాల్సింది మాత్రం మనమే. ఆ ఉత్తరం మీద సంతకాలు అయిదే ఉన్నాయి. ఇంకా చాలా ఖాళీ ఉంది.