తెరచాప త్రాడు



మన పాఠశాల పిల్లలు కొందరు ఈ వేసవిలో తెరచాప పడవ నడుపుట నేర్చుకొనగోరుచున్నారు. వారిలో ఆడుపిల్లలును గలరు. "తిరుత్తణి కొండ క్రింద బ్రదుకు మనకు సముద్రముతో పనియేమి?" అని కొందరు తల్లులు మమ్ము నడిగిరి. వారి భయమునకు హేతువు లేకపోలేదు. 2011 డిసెంబరు 25న మన తిరువళ్లూరు జిల్లాలోనే, పులికాటు వద్ద, పడవ మునిగి 22 మంది మరణించిరి. ఆ సంగతిని మరుగుపరచి మిమ్ము నొప్పించుట మా అభిమతము కాదు. అందుచే పిల్లలు నేర్వబోవునది యేమో మేము ముందుగా పోయి, కొంత నేర్చుకొని, మీకు విన్నవించుచున్నాము.

పిల్లల కిచ్చు పడవ పేరు ఆప్టిమిస్టు. 1947లో అమెరికాలోని ఫ్లారిడాలో క్లార్క్ మిల్స్ దీనిని రూపొందించెను. పొడవు సుమారు 2.3 మీటర్లు, తెరచాప ఒకటే. ఒక చేత చుక్కాని, రెండవ చేత తెరచాపను లాగు త్రాడు. విద్యలో సగముపైన ఈ త్రాటియందే యున్నది.

గాలి వెనుకనుండి త్రోయుటచేతనే పడవ సాగునని మనలో పెక్కుర తలంపు. మరి ప్రక్కగాలికి ఎట్లు సాగును? వంపు తిరిగిన బట్ట కిరుప్రక్కల గాలి పారునపుడు దాని దారి మరలును. అందుచే బట్టపై ఒక బలము పుట్టును. అడుగున దింపిన పలక పడవను ప్రక్కకు జారనీయదు గనుక అది ముందునకే నడచును. విమానపు రెక్కకును ఇదియే న్యాయము. నేరుగా ఎదురుగాలికి మాత్రము ఏ తెరచాపయు పోజాలదు. గాలికి ఇటు సుమారు 45 డిగ్రీలు, అటు అంతే వాలుగా, మెలికలు తిరుగుచు పోవలెను.

ఇక త్రాడు. దానిని వదలినచో తెరచాప ముందంచు రెపరెపలాడును. ఆ రెపరెప ఆగువరకు మెల్లగా లాగి అచ్చటనే నిలుపవలెను. లాగినకొలది వేగము హెచ్చునని క్రొత్తవారికి తోచును. కాని హద్దు మీరి లాగినచో గాలి బట్టను విడిచి సుడులు తిరుగును. పడవ ఒరగును, నడక మందగించును. విసురుగాలి వచ్చి పడవ ఒరగినపుడు భయముచే పిడికిలి మరింత బిగియుట మానవసహజము. ఆ పిడికిలిని విప్పించుటయే తొలిపాఠము. ప్రక్కగాలిలో త్రాడు వదలినంతనే తెరచాప గాలిని విడిచిపెట్టును, పడవ నిటారుగా నిలుచును. తల్లులు భయపడు ఘడియ యిదియే గనుక ఇంత విస్తరించి చెప్పితిమి.

పెద్ద పడవల తెరచాపలకు ముందంచు చేరువ ఇరువైపుల సన్నని ఉన్నిపోగులు కట్టుదురు. రెండును నిలుకడగా వెనుకకు పారినచో త్రాడు సరిగా నున్నది. గాలి వచ్చు వైపు పోగు చెదరినచో లాగవలెను. ఆవలి పోగు చెదరినచో వదలవలెను. పొదటూరుపేట మగ్గముల నడుమ పెరిగిన మన పిల్లలకు పోగును చూచి తప్పు కనిపెట్టుట వేరుగా నేర్పనక్కరలేదు!

ఆడుపిల్లల విషయమున ఒక మాట. 2017 సెప్టెంబరు 10న గోవానుండి బయలుదేరి, భూమిని చుట్టి, 2018 మే 21న తిరిగివచ్చిన నౌకాదళపు తారిణి తెరచాప నావయే. నడిపినవారు ఆరుగురు స్త్రీలు. అందు విశాఖపట్టణపు పాతర్లపల్లి స్వాతి, హైదరాబాదు బొడ్డపాటి ఐశ్వర్య మన తెలుగువారు.

ఈత రానివారిని మేము పంపము. ముందు ఈత నేర్పింతుము. లైఫ్ జాకెట్టు తొడుగనిదే ఎవ్వరిని పడవ నెక్కనీయము. బోధకుల మోటారు పడవ వెంట నుండని దినమున పాఠముండదు. సమ్మతి పత్రముపై సంతకము చేయుటకు ముందు మీలో వీలైనవారు మాతో ఒకసారి వచ్చి, గట్టున కూర్చుండి చూడుడు. ఆ పిమ్మట వలదన్నను మాకు కోపము లేదు.