ఆట మీది అంకె, ఇంటి పెద్దల బాధ్యత

(కవాడిగూడలో తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

సెలవులు రాబోతున్నాయి కనుక పిల్లల గురించి నాలుగు మాటలు చెప్పవలసిందిగా నిర్వాహకులు నన్ను కోరారు. చాలా ఏళ్లు బడిలో పాఠాలు చెప్పినవాణ్ణి. కాబట్టి దీనినీ ఒక పాఠంలాగానే చెబుతాను. నేటి పాఠం వీడియో ఆటల మీద కనిపించే వయస్సు గుర్తులు. 3+, 7+, 12+, 16+, 18+ అని ఫోనులో ప్రతి ఆట పక్కన చిన్న అంకె ఒకటి ఉంటుంది. దానిని మనం చూడము. చూసినా దాని అర్థం ఏమిటో, దానిని ఎవరు వేశారో విచారించము.

సినిమాల సంగతి మనకు బాగా తెలుసు. మన కవాడిగూడలోని సీజీఓ టవర్స్‌లోనే కేంద్ర చలనచిత్ర ధ్రువీకరణ మండలి ప్రాంతీయ కార్యాలయం ఉన్నది. మనం వాడుకలో సెన్సారు ఆఫీసు అంటాము. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం సినిమా ప్రదర్శనకు రాకముందే ధ్రువపత్రం పొందాలి. ‘యు’ అంటే అందరూ చూడవచ్చు. ‘ఏ’ అంటే పద్దెనిమిదేళ్లు నిండినవారు మాత్రమే చూడాలి. ఈ రెండింటి నడుమ ఉన్న ‘యూఏ’ను 2023లో చట్టాన్ని సవరించి 7, 13, 16 ఏళ్లు అనే మూడు మెట్లుగా విభజించారు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ‘ఏ’ సినిమా ఆడుతున్నపుడు పిల్లవాణ్ణి వెంటబెట్టుకొని వెళితే, లోపలికి పంపకుండా ఆపవలసిన బాధ్యత థియేటరు వారిది.

అదే పిల్లవాడు ఇంటికి వచ్చి తాతగారి ఫోను తీసుకొని, తుపాకులతో మనుషులను వేటాడే ఆటను రెండు నిమిషాలలో దింపుకుంటాడు. అక్కడ టికెట్టు చింపేవారు లేరు. సినిమాకు ఉన్నటువంటి ప్రభుత్వ మండలి మన దేశంలో వీడియో ఆటలకు లేదు. మరి ఆ అంకె ఎక్కడి నుండి వచ్చింది?

దీనికి కొంత చరిత్ర ఉన్నది. 1993లో అమెరికా సెనేట్‌లో హింసాత్మకమైన వీడియో ఆటల మీద విచారణ జరిగింది. మోర్టల్ కాంబాట్ అనే ఆట నాడు పెద్ద చర్చకు కారణమైంది. ప్రభుత్వమే నియంత్రణకు పూనుకుంటుందేమోనని ఆటల పరిశ్రమ 1994లో తనకు తానుగా ఈఎస్ఆర్‌బీ అనే సంస్థను ఏర్పాటు చేసుకొన్నది. ఐరోపాలో 2003లో పెగి అనే పద్ధతి వచ్చింది. సెల్‌ఫోన్లు వచ్చిన తరువాత ఆటల సంఖ్య లెక్కకు మిక్కిలి అయింది. ఒక్కొక్క ఆటను మనుషులు కూర్చొని చూడడం అసాధ్యమైంది. అందుచేత వివిధ దేశాల సంస్థలు కలిసి 2013లో ఐఏఆర్‌సీ అనే కూటమిని ఏర్పరచుకొన్నాయి. 2015 నుండి గూగుల్ ప్లే స్టోర్ ఈ పద్ధతినే అనుసరిస్తున్నది.

ఈ పద్ధతి ఎట్లా పనిచేస్తుందంటే, ఆటను తయారుచేసినవారు ఒక ప్రశ్నావళిని పూరిస్తారు. ఆటలో రక్తం కనిపిస్తుందా? బూతు మాటలు ఉన్నాయా? మద్యం, మాదకద్రవ్యాలు ఉన్నాయా? జూదం ఉన్నదా? భయపెట్టే దృశ్యాలు ఉన్నాయా? ఇటువంటి ప్రశ్నలకు వారు ఇచ్చిన జవాబులను బట్టి అంకె దానంతట అదే తయారవుతుంది. తరువాత సంస్థలవారు కొన్నింటిని తనిఖీ చేసి తప్పులు సరిదిద్దుతారు. అయినా మొదటి మాట తయారీదారుదే. ఆపిల్ ఫోన్లలో అంకెలు కొంచెం వేరు. 2025లో వారు మార్చిన ప్రకారం 4+, 9+, 13+, 16+, 18+ అని ఉంటాయి. డిస్కుల రూపంలో కొనే ఆటల అట్టమీద పెగి అంకె గానీ, ఈఎస్ఆర్‌బీ అక్షరం గానీ కనిపించవచ్చు. మన పిల్లల నోట తరచు వినిపించే జీటీఏ ఐదవ భాగానికి పెగి ఇచ్చిన అంకె 18. పదేళ్ల పిల్లవాడు అడిగాడని పుట్టినరోజు కానుకగా కొనిపెట్టే ముందు ఆ అంకెను ఒక్కసారి చూడండి.

ఇంతవరకు చెప్పినదానిని బట్టి ఆ అంకె నిరుపయోగమని ఎవరూ అనుకోవద్దు. ఆట లోపల ఏమున్నదో అది చాలావరకు చెబుతుంది. 16+ అని ఉన్న ఆటను ఎనిమిదేళ్ల పాపకు ఇవ్వకూడదని తెలుసుకోవడానికి అంతకంటే వేరే సాక్ష్యం అక్కరలేదు. అయితే అది చెప్పని సంగతులు నాలుగు ఉన్నాయి. ఈ పాఠంలో ముఖ్యమైన భాగం అదే.

మొదటిది, ఆట ఎంత కష్టమో అంకె చెప్పదు. చదరంగానికి 3+ అని ఉండవచ్చు. మూడేళ్ల పిల్లవాడు చదరంగం ఆడగలడని దాని అర్థం కాదు. అందులో పిల్లలు చూడకూడనిది ఏదీ లేదని మాత్రమే అర్థం.

రెండవది, ఆటలో ఎవరు కలుస్తారో అంకె చెప్పదు. మా వీధిలోని ఒక ఇల్లాలు ఒకనాడు నా వద్దకు వచ్చారు. ఆమె కుమారునికి పదకొండేళ్లు. ఇంటర్నెట్‌లో నలుగురితో కలిసి పాచికలు వేసే ఆట ఆడుతున్నాడు. “మాస్టారూ, దానిమీద 3 అని ఉన్నది కదండీ, ఇంక భయమేమిటి అనుకొన్నాను” అన్నారు. ఆ ఆటలో అవతలివారితో మాట్లాడుకొనే వీలు ఉన్నది. ఎవరో అపరిచితుడు నాలుగు రోజులు స్నేహంగా మాట్లాడి, ఏ బడిలో చదువుతున్నావు, ఇంట్లో ఎవరూ లేని సమయం ఎప్పుడు, ఒక ఫోటో పంపు అని అడగడం మొదలుపెట్టాడు. పిల్లవాడు భయపడి తల్లికి చెప్పాడు. ఆమె కేకలు వేయలేదు, ఫోను విసరలేదు. “నాకు చెప్పి మంచిపని చేశావు నాన్నా” అన్నారు. ఆ ఒక్క మాటే ఆ ఇంటిని కాపాడింది. పాచికలలో హింస లేదు, బూతు లేదు. ఆ మేరకు 3 అనే అంకె సరైనదే. అవతల కూర్చొన్న మనిషికి మాత్రం ఎవరూ అంకె వేయలేదు. ప్లే స్టోర్‌లో వయస్సు గుర్తు కింద, వాడుకరులు ఒకరితో ఒకరు సంభాషించవచ్చు అని చిన్న అక్షరాలలో రాస్తారు. అంకెకంటే ముందు ఆ పంక్తిని చదవండి.

మూడవది డబ్బు. ఆట ఉచితమే. లోపల రంగుల దుస్తులు, కొత్త ఆయుధాలు, ఏముందో తెలియని పెట్టెలు అమ్ముతారు. ఏమి వస్తుందో తెలియకుండా డబ్బు పెట్టి పెట్టెను తెరవడం అదృష్టపరీక్ష వంటిదే. బెల్జియం దేశం 2018లో ఇటువంటి పెట్టెలు కొన్నింటిని జూదంగానే పరిగణించింది. ఆటలో కొనుగోళ్లు ఉన్నాయనే సూచన కూడా ఆ చిన్న అక్షరాలలోనే ఉంటుంది.

ఇక డబ్బు పందెంగా పెట్టి ఆడే ఆటల మాట వేరు. తెలంగాణ ప్రభుత్వం 2017లోనే ఆన్‌లైన్ రమ్మీ వంటివాటిని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించేలా ఆన్‌లైన్ పందెపు ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. వాటిని నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. అటువంటి ఆటకు ఏ అంకె ఉన్నా పిల్లలకు గానీ పెద్దలకు గానీ అది తగదు. తండ్రి చేతిలో ఆ ఆట ఉంటే కొడుకుకు చెప్పే నీతి చెల్లదు.

నాలుగవది కాలం. ఎంతసేపు ఆడవచ్చో అంకె చెప్పదు. 3+ ఆటను కూడా రోజుకు ఆరు గంటలు ఆడవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వీడియో ఆటల వ్యసనాన్ని తన వ్యాధుల పట్టికలో చేర్చింది. ఆ పట్టిక 2022 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది. ఆడే ప్రతి పిల్లవాడూ రోగి అని దాని భావం కాదు. ఆటను ఆపుకోలేకపోవడం, తిండి నిద్ర చదువులకంటే ఆటే ముఖ్యమైపోవడం, నష్టం కనిపిస్తున్నా మానలేకపోవడం, ఇవి సాధారణంగా ఏడాదిపాటు కొనసాగితే అది వ్యాధి లక్షణమని వైద్యులు భావిస్తారు.

“ప్రభుత్వం పబ్జీని నిషేధించింది కదా, పిల్లల సంగతి ప్రభుత్వమే చూసుకొంటుంది” అని కొందరు అంటారు. 2020 సెప్టెంబరు 2న పబ్జీతో కలిపి 118 యాప్‌లను నిషేధించిన మాట నిజం. దానికి చెప్పిన కారణం దేశ భద్రత, ప్రజల సమాచార రక్షణ. పిల్లల వయస్సు కాదు. మరుసటి ఏడాదే అటువంటి ఆట బీజీఎంఐ అనే పేరుతో వచ్చింది. పద్దెనిమిదేళ్ల లోపువారికి రోజుకు మూడు గంటల పరిమితి పెట్టారు, పెద్దల ఫోను నంబరు ఇవ్వాలన్నారు. పిల్లవాడు పుట్టిన సంవత్సరాన్ని మార్చి నొక్కితే ఆ పరిమితి అతనిని అడ్డుకోదు. ఆ అబద్ధాన్ని పట్టుకోగలిగేది ఇంట్లోవారే.

కాబట్టి మనం చేయవలసిన పనులు చెబుతాను. ఇంటికి వెళ్లగానే ప్లే స్టోర్ తెరచి, పైన మూలన ఉన్న మీ గుర్తును నొక్కండి. సెట్టింగ్స్‌లో ఫ్యామిలీ అనే భాగంలో పేరెంటల్ కంట్రోల్స్ ఉంటుంది. దానిని ఆన్ చేసి, పిల్లలకు తెలియని పిన్ పెట్టి, వయస్సు ఎంచుకోండి. ఆ వయస్సు మించిన ఆటలు ఇక దిగవు. అయితే అప్పటికే ఫోనులో ఉన్న ఆటలు తొలగిపోవు. వాటిని మీరే చూసి తీసివేయాలి. కొనుగోలు చేసే ప్రతిసారీ ధ్రువీకరణ అడిగే ఏర్పాటు కూడా అక్కడే చేసుకోవచ్చు. ఆపిల్ ఫోనులో అయితే స్క్రీన్ టైమ్ అనే చోట ఇటువంటి కట్టుబాట్లు ఉంటాయి.

తాతలకు, అమ్మమ్మలకు, నాయనమ్మలకు ప్రత్యేకంగా ఒక మనవి. మీ ఫోను మీ పేరుతో ఉన్నది. దానిని మనవడు పట్టుకొన్నా, ఆడుతున్నది అరవై ఏళ్ల పెద్దమనిషి అనే అది అనుకొంటుంది. కాబట్టి పైన చెప్పిన తాళం ముందుగా వేయవలసింది మీ ఫోనుకే. యూపీఐ పిన్ మనవడి ఎదుట నొక్కకండి.

తాళం వేసిన తరువాత కూడా ఒక పని మిగిలి ఉంటుంది. వారానికి ఒకరోజు పావుగంట పిల్లల పక్కన కూర్చొని, “ఈ ఆట ఎట్లా ఆడాలో నాకు నేర్పించు” అని అడగండి. వారు సంతోషంగా గురువులవుతారు. ఆ పావుగంటలో ఎవరితో మాట్లాడుతున్నారో, ఏమి కొనమంటున్నదో, ఓడిపోతే పిల్లవాని ముఖం ఎట్లా మారుతున్నదో మీకే తెలుస్తుంది. అకస్మాత్తుగా ఫోను లాక్కొని తిడితే ఆ ఆట ఆగవచ్చు. రేపు ప్రమాదం ఎదురైతే మాత్రం వాడు మీకు చెప్పడు. ఎంతసేపు ఆడాలో ముందే మాట్లాడుకోండి. ఆ నియమాన్ని భోజనాల వేళ మీరూ పాటించండి.

చేయి దాటిందనిపిస్తే సిగ్గుపడవద్దు. మనోవేదనకు సలహా కోసం టెలీ మానస్ నంబరు 14416, పిల్లల రక్షణకు 1098, ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోతే 1930. ఈ మూడింటినీ రాసుకొని ఫోను పక్కనే ఉంచండి.

గుడికి ద్వారపాలకులు ఉన్నట్లే ప్రతి ఇంటికీ ఉండాలి. లోనికి ఎవరు వస్తున్నారో చూడడం వారి పని. సినిమాకు ముద్ర వేసే కార్యాలయం మన వీధిలో ఉన్నది. ఆటకు ముద్ర వేయవలసిన కార్యాలయం మీ ఇంట్లోనే ఉన్నది, అధికారులు మీరే. ఈ రాత్రి భోజనాలయ్యాక ఇంట్లో ఉన్న ఫోన్లన్నీ ముందు పెట్టుకొని, ఒక్కొక్క ఆట పక్కన ఉన్న అంకెను, దాని కింద ఉన్న చిన్న అక్షరాలను పిల్లలతో కలిసి చదవండి.

 సర్వే జనాః సుఖినో భవంతు.