విగ్రహవాక్యము, సమాసము: ఒక రసాయనికుని కృషి



నేను బడిలో పిల్లలకు వ్యాకరణము చెప్పి వృద్ధుడనైనవాడను. రసాయనశాస్త్రమున నాకు గల పరిచయము స్వల్పము. ఐనను ఆ శాస్త్రపు మార్గము మన వ్యాకరణమార్గమునకు మిక్కిలి చేరువగా నున్నదని తోచి, ఆ సంగతిని మీకు మనవి చేయ సాహసించుచున్నాను.

సమాసమున కర్థము తెలియవలెనన్న దానిని విడదీసి విగ్రహవాక్యము చెప్పుదుము. ఆ పదములనే మరల కూర్చి సమాసము చేయగలిగిననాడు విద్యార్థికి పాఠము వచ్చినదని నమ్ముదుము. రసాయనికుడును అంతే. పదార్థమును విడదీసి, అందేవి యెంతెంత యున్నవో కొలుచును; ఇది విశ్లేషణము. ఆ యంగములను కూర్చి అదే పదార్థమును తన చేత నిర్మించును, ఇది సంశ్లేషణము. ఈ రెండింటను ఆరితేరిన తెలుగువాడు యల్లాప్రగడ సుబ్బారావుగారు.

ఆయన 1895లో భీమవరమున జన్మించెను. మదరాసున వైద్యము చదివి, అమెరికా చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్కే పండితునితో కూడి పనిచేసెను. రక్తమునందును మూత్రమునందును భాస్వర మెంత యున్నదో కొలుచు పద్ధతిని వారిరువురు 1925లో ప్రకటించిరి. పరీక్షింపవలసిన ద్రవమునకు కొన్ని ద్రవ్యములు చేర్చినచో నీలిరంగు పుట్టును. రంగు చిక్కనగుకొలది భాస్వర మధికమని యెఱుగవలెను.

ఈ పద్ధతిని కండరములపై ప్రయోగింపగా నొక వింత కనబడెను. రంగు వెంటనే పూర్తిగా రాక, మెల్లమెల్లగా వచ్చుచుండెను. ఇది పరీక్షలోని లోపమని వారు త్రోసిపుచ్చలేదు. భాస్వరమును పట్టియుంచి క్రమముగా విడుచు పదార్థ మేదో అందున్నదని గ్రహించి, 1927లో ఫాస్ఫోక్రియాటినును బయటపెట్టిరి. కండరములు పనిచేయుటకు వలసిన శక్తిని నిలువచేయు పదార్థములలో నది యొకటి. ఓర్పుతో కొలుచువానికి ఆలస్యము కూడ సాక్ష్యము చెప్పును.

ఇక కూర్పు మాట. 1940లో ఆయన లెడర్లీ సంస్థ పరిశోధనాలయమున చేరెను. ఆకుకూరలలోను కాలేయమునందును అత్యల్పముగా నుండు ఫోలికామ్లమను విటమినును ఆయన నాయకత్వమున పనిచేసిన రసాయనికులు 1945లో సంశ్లేషించిరి. విడదీసిచూడగా నది మూడు పదముల సమాసమని తేలెను: ప్టెరిడిను, పారా అమినో బెంజోయికామ్లము, గ్లుటామికామ్లము. సుబ్బారావుగారి తోబుట్టువును బలిగొన్న స్ప్రూ యను గ్రహణివ్యాధికి ఈ యామ్లము ఔషధమైనది. నేడు గర్భిణీస్త్రీలకు ఇనుముతో కలిపి యిచ్చు మాత్రలో నున్నదియు ఇదియే.

కూర్పు తెలిసినవానికి మార్పును చేతనగును. అమృతము, మృతము అను మాటలకు భేద మొక్క యక్షరమే కదా! ఫోలికామ్లమునం దొకచోట నొక చిన్న యంగమును మార్పగా అమినోప్టెరిను పుట్టెను. ఫోలికామ్లము కణములను పోషించును; ఇది ఆ పోషణము నడ్డగించును. రక్తపు క్యాన్సరు సోకిన పిల్లలకు దీనినిచ్చి, కొందరికి తాత్కాలికముగా వ్యాధి తగ్గినదని బోస్టనులో ఫార్బరు వైద్యుడు 1948లో ప్రకటించెను. ఆ వంశపుదే యగు మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలో నున్నది.

మనకు మఱింత దగ్గరి మాట యొకటి కలదు. బోదకాలునకు కారణమగు క్రిములపై పనిచేయు డైఇథైల్ కార్బమజీను గుణమును 1947లో వెల్లడించినది కూడ ఆ పరిశోధనాలయమే. మన పల్లెలలో ఇంటింట పంచిన మాత్ర యదియే. మొదట నేను దానిని పుచ్చుకొని, ఉత్తరీయపు కొంగున ముడివేసి, పిమ్మట కాలువలో పారవేసితిని. కాలు వాయని నాకు మందెందుకని నా వాదము. అది తప్పు. ఆ మాత్ర ప్రధానముగా రక్తములో తిరుగు క్రిమిశిశువులను నశింపజేయును. తన్మూలమున దోమలు వానిని మఱియొకరికి చేర్పకుండును. ముదిరిన వాపును తీయజాలదు. రాబోవు వాపును ఆపును. కావున మంచివాడని తోచు కాలు గలవాడును మింగవలెను, వైద్యుడు వలదన్నవారు తప్ప.

సుబ్బారావుగారు 1948 ఆగస్టులో న్యూయార్కున పరమపదించిరి. ఆ మాత్ర మఱల ఎవరి గుమ్మమునకైన వచ్చినయెడల, నావలె కొంగున ముడివేయక నోట వేసికొనుడని నా ప్రార్థన.