నీలిపిట్ట ఫోటో
(సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద మనం మామూలుగా డి.ఏ. బకాయిల గురించీ, లైఫ్ సర్టిఫికెట్ల గురించీ మాట్లాడుకుంటాం. ఈసారి ఆస్ట్రేలియా పక్షుల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు ఆదేశించారు. నేను పక్షి శాస్త్రం చదివినవాణ్ణి కాను. 33 ఏళ్ళు నీటి సరఫరా, మురుగు పారుదల పనుల్లో గడిపిన ఇంజనీరును. సర్వీసంతా భూమిలోని పైపుల వంక చూడటమే గాని, తలెత్తి చెట్టు వంక చూసిన పాపాన పోలేదు.

2022 ఆగస్టులో నేనూ మా ఆవిడా మెల్‌బోర్న్‌లో ఉన్న అమ్మాయి దగ్గరికి వెళ్ళాం. అలా వెళ్ళొచ్చిన వాళ్ళు ఈ సభలో చాలామంది ఉన్నారు, వాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. ఉదయం ఎనిమిదయ్యేసరికి కూతురూ అల్లుడూ ఆఫీసులకు, మనవడు బడికి. సాయంత్రం దాకా ఇంట్లో మనిద్దరం, గోడ గడియారం. రెండు వారాలకే నేను తిరుగు టికెట్టు తేదీ లెక్కపెట్టడం మొదలుపెట్టాను. అల్లుడు కనిపెట్టినట్టున్నాడు. వాడకుండా అలమరలో పడి ఉన్న జూమ్ కెమెరా, ఒక బైనాక్యులర్స్ చేతికిచ్చి, "ఇంటి వెనక వాగు వెంబడి దారి ఉంది, నడిచి రండి మామయ్యగారూ" అన్నాడు.

నేను తీసిన మొదటి ఫోటో మన గోరింకది. సాయంత్రం మనవడికి గర్వంగా చూపిస్తే, "తాతయ్యా, ఇది ఇక్కడి పక్షి కాదు, ఇండియాది" అన్నాడు. "నేనూ అంతేగదరా" అన్నాను. తర్వాత తెలిసింది, పురుగులను తింటుందని 1862లో మెల్‌బోర్న్‌లో గోరింకలను తెచ్చి వదిలారట. అవి పెరిగిపోయి, అక్కడి చిలకలు గూడు పెట్టుకునే చెట్టు తొర్రలన్నీ ఆక్రమించుకుంటున్నాయి. మన పెరట్లో ముద్దుగా తిరిగే పిట్టకు అక్కడ అంత చెడ్డపేరు ఉంటుందని నేను అనుకోలేదు.

వసంతం అక్కడ సెప్టెంబరులో మొదలవుతుంది. ఆ రోజుల్లో మాగ్‌పై అనే నలుపు తెలుపు పక్షి గూటి దరిదాపులకు వచ్చిన మనుషులను వెనక నుంచి వచ్చి నెత్తి మీద తన్నుతుంది. సైకిలు వాళ్ళు హెల్మెట్లకు ముళ్ళలాగా ప్లాస్టిక్ పట్టీలు కట్టుకుని తిరుగుతారు. మా ఆవిడ ఎండ లేకపోయినా గొడుగు వేసుకుని నడిచేది. పెద్దగా నవ్వినట్టు అరిచే కూకబురా మన లకుముకి పిట్టకు పెద్దన్నలాంటిది. చేపలకన్నా బల్లుల మీదా పాముపిల్లల మీదా దానికి మక్కువ.

మా ఇద్దరిలో చూపు ఆవిడదే. ఒక యూకలిప్టస్ చెట్టు కిందుగా మూడు రోజులు నేను నడిచిపోయాను. నాలుగో రోజు ఆవిడ ఆగి, "ఏమండీ, ఆ విరిగిన కొమ్మ నిన్న లేదు కదా" అంది. కొమ్మ కాదు, టానీ ఫ్రాగ్‌మౌత్. పగలంతా ముక్కు పైకెత్తి, కళ్ళు మూసుకుని, ఎండు మోడులాగా కూర్చుంటుంది. గుడ్లగూబ అనుకుంటారు గాని ఆ జాతి కాదు. ఫోటోలో చూపించినా మా వియ్యంకుడు ఇప్పటికీ నమ్మడు.

అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచిన చోటు వెర్రిబీ. మెల్‌బోర్న్ మురుగులో సగం దాకా అక్కడ శుద్ధి అవుతుంది. 1890ల నుంచీ నడుస్తున్న ఏర్పాటు. ముందుగా అనుమతి తీసుకుంటే పక్షులను చూసేవాళ్ళను లోపలికి పంపుతారు. సర్వీసంతా మురుగు చెరువుల గట్ల మీద ముక్కు మూసుకుని తిరిగినవాణ్ణి, సెలవు పెట్టుకున్నట్టు సరదాగా టిఫిను డబ్బాతో అక్కడికి వెళ్ళాను! ఎటు చూసినా నల్ల హంసలు, గూడబాతులు, బాతులు. అక్కడ ఇప్పటికి దాదాపు 300 జాతుల పక్షులను చూశారట. 1982లో ఆ తీరాన్ని రామ్‌సర్ ఒప్పందం కింద చేర్చారు. మడుగుల అంచున సైబీరియా నుంచి వచ్చిన చిన్న చిన్న ఉల్లంకి పిట్టలు బురదను కుట్టుమిషను సూదిలాగా పొడుస్తున్నాయి. వాటిలో వంపు ముక్కు ఉన్న ఒక జాతి, కర్‌ల్యూ శాండ్‌పైపర్, చలికాలంలో మన కోరింగకూ పులికాట్‌కూ కూడా వస్తుంది. ఇంటి దగ్గర ఇన్నేళ్ళూ చూడనిదాన్ని అంత దూరం పోయి చూశాను.

మేమక్కడ ఉండగానే, ఆ అక్టోబరులో, ఐదు నెలల గాడ్‌విట్ పిల్ల ఒకటి అలాస్కాలో బయల్దేరి ఎక్కడా వాలకుండా 11 రోజుల్లో 13,560 కిలోమీటర్లు ఎగిరి టాస్మానియాలో దిగింది. దాని ఒంటికి కట్టిన పరికరం వల్ల లెక్క తెలిసింది. విమానంలో కాళ్ళు వాచాయని నేను చేసిన గొడవ గుర్తొచ్చి సిగ్గేసింది.

ఇక నీలిపిట్ట సంగతి. సూపర్బ్ ఫెయిరీ రెన్ అంటారు. పది గ్రాముల బరువు. పెట్టది మట్టి రంగు, మగదానికి వసంతంలో తల మీద, మన పాలపిట్ట రెక్క విప్పినప్పుడు కనిపించేలాంటి నీలం మెరుస్తుంది. తోక నిక్కబొడుచుకుని గెంతుతూ ఉంటుంది, క్షణం నిలవదు. వాటిది ఉమ్మడి కుటుంబం. ముందు కాన్పు కొడుకులు ఇల్లు విడవకుండా ఉండి తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ మేత తెస్తారు. తల్లి పొదిగేటప్పుడు గుడ్లకు ఒక కూత వినిపిస్తుందట. పుట్టిన పిల్లలు ఆ కూత కలిపి అరిస్తేనే తనవని నమ్ముతుంది. దొంగతనంగా గుడ్డు పెట్టి పోయే కోకిల జాతి పిల్లకు ఆ కూత రాదు. దక్షిణ ఆస్ట్రేలియాలో పరిశోధకులు దీన్ని కనిపెట్టి 2012లో ప్రకటించారు.

దాని ఫోటో కోసం నెల రోజులు తిరిగాను. నిలబడితే మోకాళ్ళు సహకరించక మడత స్టూలు వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టాక అవే దగ్గరికి రాసాగాయి. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. ఒకరోజు పెట్ట ముక్కున గడ్డిపోచతో పొదలో దూరడం చూశాను. వెళ్ళి చూస్తే నడుమెత్తున, పక్కన గుమ్మం పెట్టిన బంతిలాంటి గూడు. కొన్నాళ్ళకు లోపల మూడు గుడ్లు. లెన్సుకు అడ్డం వచ్చిన రెండు రెమ్మలను తాడుతో వెనక్కి కట్టాను. మూడు రోజులు వరుసగా వెళ్ళాను. మంచి ఫోటో వచ్చింది. గుమ్మంలో పెట్ట, పైన మగది, సూర్యుడు నా వెనక.

నాలుగో రోజు గూడు ఒక పక్కకు చీలి ఉంది. గుడ్లు లేవు. పైన కొమ్మ మీద కరవాంగ్ అనే నల్లటి పెద్ద పక్షి.

రోజూ ఆ దారిన కుక్కతో వచ్చే ఒక ముసలాయన ఆగి చూశాడు. నేను కట్టిన తాడు చూశాడు. ఆయన కోప్పడలేదు. "ఆ పక్షి గూడు వెతుక్కోదు, ఎవరు ఎక్కడికి వెళ్తున్నారో చూస్తుంది" అన్నాడు. తాడు విప్పి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. ఇంటికి వచ్చి మా ఆవిడకు చెప్పలేదు. రెండు రోజుల తర్వాత ఆవిడే అడిగింది. చెప్పాను. విని, "గుడ్లకు పేరు పెట్టి పిలిచిందన్నారు కదండీ" అంది, అంతే.

నీలిపిట్టలు ఒకే ఋతువులో మళ్ళీ మళ్ళీ గూడు కడతాయి. అవి కట్టాయో లేదో వెతకడానికి నేను వెళ్ళలేదు. దారి మీదే స్టూలు వేసుకుని, దూరం నుంచి కనిపించినంత చూసి వచ్చేవాణ్ణి.

ప్రత్యేక సంచికకు ఫోటోలు ఇమ్మంటే ఫ్రాగ్‌మౌత్, నల్ల హంస ఇచ్చాను. "నీలిపిట్టది బాగుంటుందని మీ అమ్మాయి చెప్పింది" అని కార్యదర్శి గారు రెండుసార్లు అడిగారు. ఎందుకివ్వలేదో ఇందాక చెప్పిందే జవాబు.

బైనాక్యులర్స్ అల్లుడు నాకే ఇచ్చేశాడు. దాన్ని ఇవాళ సంఘం ఆఫీసులో ఉంచుతున్నాను. పిల్లల దగ్గరికి ప్రయాణం కట్టేవాళ్ళు పుస్తకంలో సంతకం పెట్టి తీసుకువెళ్ళవచ్చు. వార మెడకు తగిలించుకోండి, ఒకసారి కిందపడింది, కుడి వైపు కాస్త బిగుతుగా తిరుగుతుంది. సెలవు.