పెండ్లిపందిటిలో మాట, వెలుగు

రాజమహేంద్రవరములో పెండ్లివారు వీడియో తీయువానిని కుదుర్చుకొనునపుడు కెమెరా ఏ కంపెనీది, డ్రోను కలదా అని అడుగుదురు. మాటను ఎట్లు పట్టుదువని అడుగువారు అరుదు. బొమ్మ కొంచెము మసకబారినను మనస్సు సరిపెట్టుకొనును. కన్యాదానవేళ తండ్రి నోట వెలువడిన మాట డోలు మ్రోతలో కలిసిపోయినచో ఏమి చేయగలము? 1936లో నిడమర్తి సూరయ్యగారు ఈ ఊరనే దుర్గా సినీటోన్ స్టూడియో నెలకొల్పిరి. స్టూడియోలో నచ్చని దృశ్యమును మరల తీయవచ్చును. పందిటిలో ఆ వీలు లేదు.

కెమెరాకు తగిలించిన మైకు పీటలకు పది పండ్రెండు అడుగుల దూరమున నుండును. దానికి మంత్రము కంటె మేళమే బలముగా వినబడును. ఆరుబయట దూరము రెట్టింపైనచో శబ్దతీవ్రత నాల్గవ వంతునకు పడిపోవును. కావున దూరముననున్న ఖరీదైన మైకు కంటె చేరువనున్న చౌక మైకే మేలు. పురోహితుని ఉత్తరీయమునకు ఒక చిన్న లాపెల్ మైకు, కన్యాదాత కండువాకు మరియొకటి అమర్చిన చాలును. పట్టుబట్ట రాపిడికి గరగరమని వినవచ్చును గనుక, మడత కదలని చోట గుచ్చవలెను. తీగలేని మైకుల సంకేతము జనము నడుమ ఒక్కొక్కప్పుడు తెగును. తనలోనే రికార్డు చేసికొను రకమైనచో ఆ భయము లేదు. 32-బిట్ ఫ్లోట్ రికార్డరు మెల్లని మంత్రమును, హఠాత్తుగా లేచు గట్టిమేళమును కూడ చెడకుండ పట్టును. అయితే మైకే ఓర్వలేని మ్రోతను ఏ రికార్డరును బాగుచేయజాలదు. గోదావరి గట్టునగాని, అన్నవరము కొండమీదగాని పెండ్లియైనచో గాలిరొదకు బొచ్చు తొడుగు తప్పదు.

ఇక వెలుగు. తెరసెల్లా తొలగి వధూవరులు ఒకరినొకరు చూచుకొను క్షణమున ఫ్లడ్‌లైటు కన్నులలో గ్రుచ్చుట మన పందిళ్లలో తరచు జరుగు అపచారము. దీపమును ప్రక్కగా, ఎత్తుగా నిలిపి, తెల్లని గుడ్డ గుండ ప్రసరింపజేయవలెను. వెనుకటి హాలోజన్ దీపము వెలుగుతోపాటు సెగయు చిమ్మును, ఎల్.ఇ.డి. పలకకు ఆ దోషము తక్కువ. కొనునపుడు రంగులను యథాతథముగా చూపు సూచిక 95కు మించియున్నదా యని చూడుడు. లేనిచో పసుపు పాలిపోవును, కుంకుమ గోధుమరంగు దాల్చును. పందిటి బల్బులు పసుపు వన్నెవైనచో దీపమును 3200 కెల్విన్‌కు త్రిప్పి కలుపుకొనవలెను. మన కరెంటు 50 హెర్ట్జులది. షట్టరు సెకనులో 50వ వంతునగాని 100వ వంతునగాని ఉంచినచో నాసిరకపు బల్బుల మినుకు బొమ్మలో కనబడదు.

పెండ్లికూతును చేయునాడే ఇవన్నియు ఒకసారి అమర్చి, హెడ్‌ఫోను పెట్టుకొని వినుమని వానితో చెప్పుడు. బ్యాటరీలు రెట్టింపు తెమ్మనుడు. ముహూర్తము అర్ధరాత్రి దాటినదైనచో మూడింతలు.